పునర్నవ: ఎండి మరల చిగిర్చే మొక్క

ఆషాఢమాసపు తొలి జల్లులు పడిన వారం పదిరోజులకు పెరటి గోడల వెంట, పొలం గట్ల మీద, పాత దేవాలయాల ప్రాంగణాలలో నేలను అంటుకొని పాకే ఒక మొక్క కనిపిస్తుంది. సన్నని ఎర్రని కాడలు, అడుగువైపు తెల్లగా పాలిపోయిన గుండ్రని ఆకులు, ఆవగింజ కంటె కొంచెం పెద్దవైన గులాబిరంగు పూలు. మన పూర్వులు దానికి పెట్టిన పేరు పునర్నవ. మరల కొత్తదయ్యేది అని అర్థం. ఎర్ర గలిజేరు, అటికమామిడి అని తెలుగునాట వాడుక. ఓషధుల పేర్లలో కొన్ని రంగును తెలుపుతాయి, కొన్ని రుచిని, కొన్ని గుణాన్ని. ఈ పేరు మాత్రం మొక్క బ్రతికే తీరును తెలుపుతుంది. ఆ తీరును గమనించకుండా, పేరును మాత్రం విని, పునర్నవ అనుకొని వేరొక మొక్కను నూరి త్రాగుతున్న ఇండ్లు నేడు అనేకం ఉన్నవి. కాళ్లు వాచిన ప్రతివారూ, మూత్రపిండాలు చెడినవారు సైతం, ఎవరినీ అడుగకుండ దీనిని ఆశ్రయించడం నేను తరచు చూస్తున్నాను. అందుచేత ఈ మొక్క జీవితాన్ని కొంత వివరంగా వ్రాయవలసి వచ్చినది.

భావమిశ్రుడు 16వ శతాబ్దంలో కూర్చిన భావప్రకాశంలో దీనికి మరికొన్ని పేర్లు ఉన్నవి. శోథఘ్ని అనగా వాపును పోగొట్టేది. వర్షకేతు అనగా వానకు జెండా వంటిది. క్షుద్రవర్షాభూ అనగా వానతో పుట్టే చిన్న మొక్క. ఆధునిక వృక్షశాస్త్రజ్ఞులు దీనిని బోర్హావియా డిఫ్యూసా అంటారు. లీడెన్ నగరంలో వైద్యవిద్యను బోధించిన డచ్చి వైద్యుడు హెర్మన్ బోర్హావే (1668-1738) పేరు మీదుగా వచ్చిన పేరు అది. మన ముంగిట కలుపుగా పీకి పారవేసే మొక్కకు ఒక మహావైద్యుని పేరు దక్కడం నాకు ఉచితంగానే తోస్తుంది. మనం ఇంటిముందు పెంచుకొనే కాగితంపూల తీగ, సాయంకాలం పూచే చంద్రకాంత దీనికి దాయాదులు.

వేరులో దాగిన ప్రాణం

మాఘం దాటి ఎండలు ముదిరేసరికి నేల పైపొరలో తడి ఆరిపోతుంది. పునర్నవ ఆకులు పసుపుబారి రాలుతాయి. కాడలు ఎండి పుల్లలవుతాయి. రోహిణికార్తెలో చూచినవారు మొక్క చచ్చినదనే అనుకొంటారు. అయితే ఆకులు పచ్చగా ఉన్నన్నాళ్లూ వాటిలో తయారైన చక్కెర నీటిలో కరిగి, కాడల గుండా క్రిందికి దిగి, తల్లివేరులో చేరి నిలువ ఉన్నది. ఎండకు అందనంత లోతున అది భద్రంగా ఉంటుంది. ముదిరిన వేరును అడ్డంగా కోసి చూడండి. బీట్‌రూట్ దుంపలో వలె ఒకదాని చుట్టూ మరొకటిగా వలయాలు కనిపిస్తాయి. ఆ రెండూ అలా పొరపొరగా లావెక్కుతూ ఆహారాన్ని దాచుకొనే జాతులే.

మృగశిరకార్తెలో వాన నేలలో ఇంకి వేరు తలను తాకినప్పుడు అక్కడ నిద్రాణంగా ఉన్న మొగ్గలు నీటిని పీల్చి ఉబ్బుతాయి. నిలువ ఉన్న ఆహారం మరల కరిగి పైకి నడుస్తుంది. చిగురు నేలను చీల్చుకొని వస్తుంది. ఆకు విచ్చి ఎండను అందుకొనేంతవరకు ఆ చిగురు పూర్తిగా క్రిందటి సంవత్సరపు సంపాదన మీదనే బ్రతుకుతుంది. ఎండినదంతా పైభాగమే. ప్రాణం వేరులోనే ఉన్నది. పునర్నవ అన్న పేరుకు అసలు అర్థం ఇదే. ప్రతిరోజు నీరు పోసే తోటలో మాత్రం ఇది ఎండకుండ సంవత్సరమంతా పచ్చగానే ఉండవచ్చును. అంతమాత్రాన అది పునర్నవ కాదని భ్రమపడరాదు.

దీని కాయ సంగతి కూడ చెప్పుకోవలెను. గదవలె పైన లావుగా, ఐదు గీతలతో, జిగట రోమాలతో ఉంటుంది. పశువుల కాళ్లకు, పక్షుల ఈకలకు, మన పంచెల అంచులకు అంటుకొని ఊరూరా తిరుగుతుంది. మొక్క ఉన్నచోటనే ఉండగా సంతానం ఇతరుల కాళ్లతో యాత్ర చేస్తుంది.

ఇంత ఎండకు ఎలా తట్టుకొంటుందని అడిగేవారికి ఇంకొక సంగతి. ఆకు గాలిని లోనికి తీసుకోవలెనంటే పత్రరంధ్రాలను తెరువవలెను. తెరచిన ప్రతిసారీ లోపలి తడి ఆవిరై పోతుంది. జొన్న, సజ్జ, చెరకు వంటి పైరులు రంధ్రాలను కొద్దిగా తెరచియే కావలసిన బొగ్గుపులుసు వాయువును పట్టగల ప్రత్యేకమైన ఏర్పాటు కలవి. దానిని సీ-4 పద్ధతి అంటారు. పునర్నవ కూడ ఆ కోవలోనిదే. వరికి ఆ ఏర్పాటు లేదు. జొన్న చేను బ్రతికే ఎండలో వరిచేను నిలువలేకపోవడానికి గల కారణాలలో ఇదొకటి.

గలిజేరు ఒకటి కాదు

వానలు పడగానే పొలాలలో, ఖాళీ స్థలాలలో దట్టంగా అలముకొనే మొక్క మరొకటి ఉన్నది. తెల్ల గలిజేరు అంటారు. ట్రయాంథిమా పోర్టులకాస్ట్రమ్ అని శాస్త్రనామం. చూడగానే గంగవాయిలి కూర జ్ఞాపకం వస్తుంది. దీనిని శ్వేత పునర్నవగా వాడే వైద్యులు ఉన్నారు. కాదనేవారూ ఉన్నారు. ఒక ఊరిలో అటికమామిడి అన్నది మరొక ఊరిలో వేరొక మొక్క కావడం కూడ కద్దు. నా మట్టుకు నేను ఈ మొక్కను పునర్నవ అనుటకు ఇష్టపడను. కారణం దాని జీవితమే.

ఇది విత్తనం నుండి పుట్టవలసినదే. తడి తగిలిన కొద్దిరోజులకే మొలచి, మూడు నాలుగు వారాలలోనే పూతకు వస్తుంది. కాయ పండి, నల్లని గింజలను నేలకు వదలి, తాను పూర్తిగా నశిస్తుంది. వేరులో దాచినదేమీ ఉండదు. తన జాతి కొనసాగే భారమంతా గింజల మీదనే పెడుతుంది. ఆ గింజలు మట్టిలో మరుసటి తడికోసం ఎదురుచూస్తాయి. పైరు కోసిన తరువాత మరొక వాన పడితే అదే నేలలో మరొక తరం లేస్తుంది.

చరకాచార్యులు వృక్షజాతులను నాలుగుగా విభజించి, కాయ పండడంతో జీవితం ముగిసేవానికి ఓషధి అని పేరు పెట్టినారు. నేడు మందుమొక్క ప్రతిదానినీ ఓషధి అంటున్నాము గాని ఆ మాటకు అక్కడ ఉన్న అర్థం ఇది. వరి ఓషధి, పెసర ఓషధి, తెల్ల గలిజేరు ఓషధి. కొమ్మలు సాచి పాకేవి వీరుధలు. పునర్నవ ఆ వర్గంలోనిది. పాఠశాలలో పిల్లలు ఏకవార్షికం, బహువార్షికం అని చదివే భేదాన్ని మన గ్రంథాలు ఏనాడో గుర్తించినవి.

రెండింటినీ గుర్తించడానికి పూవు రంగును నమ్మరాదు. తెల్ల గలిజేరులోనూ ఎర్రకాడ, గులాబిపూవు గల రకం ఉన్నది. పూవు ఉన్న చోటును చూడవలెను. పునర్నవ పూలు సన్నని పుల్లల వంటి కాడల మీద, ఆకులకు పైగా, చిన్న చిన్న గుత్తులుగా నిలుస్తాయి. తెల్ల గలిజేరు పూవు ఒంటరిగా, ఆకుతొడిమ మొదట సంచివలె విప్పారిన చోట సగం దాగి ఉంటుంది. దాని ఆకు దళసరి, నీరుపట్టినట్లు మెత్తన. కాయ మూతగల భరిణె వంటిది. మూత ఊడిపడితే నల్లగింజలు కనిపిస్తాయి. పునర్నవ కాయను వ్రేళ్ల మధ్య నలిపితే జిగట అంటుతుంది. ఈ గుర్తులు తెలిసిన గృహిణిని ఏ మూలికల అంగడివాడూ మోసగించలేడు.

గుండె లేకుండ నీరు పైకి నడిచే విధం

మొక్కకు గుండె లేదు. అయినను వేరు పీల్చిన నీరు చిటారు ఆకును చేరుతుంది. ఆకులలోని తడి ఎండకు ఆవిరి కాగా, ఆ వెలితిని పూరించడానికి సన్ననాళాలలోని నీటిదార క్రిందినుండి పైకి లాగబడుతుంది. పీల్చిన నీటిలో నూటికి తొంభైఐదు పాళ్లకు పైగా ఇలాగే ఆవిరై పోతుంది. మొక్క తనలో నిలుపుకొనేది స్వల్పం. పిల్లలకు చూపదలచినవారు పెరటిలోని మందార కొమ్మకు ఉదయాన ఒక పారదర్శకమైన పాలిథిన్ సంచిని తొడిగి మూతి కట్టి, మధ్యాహ్నం చూపించండి. సంచి లోపల నీటిబిందువులు నిలిచి ఉంటాయి.

స్టీఫెన్ హేల్స్ అనే ఆంగ్ల మతాచార్యుడు కుండీలోని ప్రొద్దుతిరుగుడు మొక్కను త్రాసులో పెట్టి, తూచి, అది రోజుకు ఎంత నీటిని వదులుతున్నదో లెక్కకట్టి 1727లో గ్రంథంగా ప్రకటించినాడు. పరిమాణానికి పరిమాణం పోల్చిచూస్తే మనిషికంటె అది 17 రెట్లు నీటిని నడుపుతున్నదని ఆయన తేల్చినాడు. గుర్రపు రక్తనాళంలో గాజుగొట్టం నిలిపి రక్తపు ఒత్తిడిని మొదట కొలిచినవాడు కూడ ఆయనే. ఆ వివరాలు 1733లో వెలువడినవి. రసం ప్రవహించే చోటనెల్లా, మొక్కలోనైనా జంతువులోనైనా, ఒకే కుతూహలంతో చూచిన మనిషి.

ఈ నీరు ఒంటరిగా రాదు. మట్టిలోని లవణాలను కరిగించుకొని వస్తుంది. ఆకాశం నుండి పడిన నీటికి రుచి లేదనీ, భూమిని తాకిన తరువాతనే దానికి గుణభేదాలు ఏర్పడుననీ చరకసంహిత చెబుతుంది. మందుమొక్కను పరీక్షించువారికి ఇది ప్రాణప్రదమైన సూత్రం. శార్ఙ్గధరుడు పుట్టల మీద, శ్మశానాలలో, చవుడు నేలలలో, నీరు నిలిచే చోట్ల, దారుల మీద పెరిగిన మూలికలు పనికిరావన్నాడు. నేటి దారులలో వాహనాల మసి, సీసపు అవశేషాలు పడుతున్నవి. మురుగుకాలువలలో కర్మాగారాల నీరు కలుస్తున్నది. పొలాలలో కలుపుమందులు చల్లుతున్నారు. వేరు వీనిని వేరుచేసి వదలదు. అది పీల్చినదే మన కషాయపు గిన్నెలోనికి దిగుతుంది.

కరిగివచ్చే లవణాలలో పొటాషియం ముఖ్యమైనది. పత్రరంధ్రం తెరచుకొనేదే దానివల్ల. రంధ్రానికి ఇరుప్రక్కల ఉన్న రక్షకకణాలలోనికి పొటాషియం చేరితే, దాని వెంట నీరు చేరి, అవి ఉబ్బి వంగి దారి ఇస్తాయి. పునర్నవలో పొటాషియం లవణాలు, ముఖ్యంగా పొటాషియం నైట్రేట్, విశేషంగా ఉన్నవి. కలకత్తాలో మన మూలికలను పరిశోధించిన రామనాథ చోప్రా 1933లో ప్రకటించిన గ్రంథంలో పునర్నవను ప్రత్యేకంగా చర్చించినాడు. మూత్రాన్ని జారీచేసే గుణానికి ఈ లవణాలు తోడ్పడుతున్నవని పరిశోధకుల అభిప్రాయం.

మేలు చేసే లవణమే కీడు చేసే స్థితి

మూత్రపిండాలు చక్కగా ఉన్నవారిలో అధికమైన పొటాషియం మూత్రంతో వెళ్లిపోతుంది. రక్తంలో లీటరుకు సుమారు 3.5 నుండి 5 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య అది నిలుస్తుంది. మూత్రపిండాలు చెడినవారిలో అది పోయే దారి లేదు. పేరుకొన్న పొటాషియం గుండె నడకను తప్పిస్తుంది. ముందుగా పెద్ద సూచన ఏదీ ఉండకపోవచ్చును కూడ. రక్తపోటుకు, గుండెజబ్బుకు ఇచ్చే కొన్ని మాత్రలు పొటాషియాన్ని శరీరంలో నిలుపుతాయి గనుక వానితో కలిసినప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ.

కొన్ని సంవత్సరాల క్రితం ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఆయన భార్య నా వద్దకు తీసుకొని వచ్చినది. చాలకాలపు మధుమేహం. పాదాలు వాచినవి. క్రియాటినిన్ పెరిగినదని వైద్యులు మందులు ఇచ్చియుండగా, గలిజేరు రసంతో మూత్రపిండాలు కొత్తవి అవుతాయని బంధువు ఒకరు ఫోనులో పంపిన దృశ్యాన్ని నమ్మి, మందులు మాని, మూడు వారాలు ప్రతిఉదయం గ్లాసెడు పచ్చిరసం త్రాగినాడు. తెచ్చిన సంచిలో ఉన్నది తెల్ల గలిజేరు. ఊరి మురుగుకాలువ గట్టున కోసినది. నాడి మందంగా, తప్పి తప్పి నడుస్తున్నది. కాళ్లలో సత్తువ లేదు. వెంటనే ఆసుపత్రికి పంపినాను. పొటాషియం ప్రమాదస్థాయిలో ఉన్నదని తేలి, ఆ రాత్రియే డయాలిసిస్ చేసినారు. బ్రతికినాడు.

"ఆకుకూరే కదండీ అయ్యగారూ, కూరాకు కూడ చెడు చేస్తుందా?" అని ఆ ఇల్లాలు తరువాత అడిగినది.

"నీకు నాకు చేయదమ్మా. ఆయన శరీరంలో బయటికి పోయే తలుపు మూసుకొని ఉన్నది. లోపలికి ఏది పంపినా అక్కడనే ఉంటుంది" అని చెప్పినాను.

మరల కొత్తదయ్యే గుణం మొక్క వేరుకు ఉన్నది. దానిని త్రాగినంతమాత్రాన, నశించిన మూత్రపిండం మరల మొలవదు. పేరును బట్టి ఫలాన్ని ఊహించేవారు ఈ భేదాన్ని మరువరాదు. వాపు కూడ ఒక రోగం కాదు, అనేక రోగాల సూచన. గుండె, కాలేయం, మూత్రపిండం, థైరాయిడ్ గ్రంథి, ఆహారంలో మాంసకృత్తుల లోపం, ఇన్ని కారణాలు ఉన్నవి. ఆమ్లోడిపిన్ అనే రక్తపోటు మాత్ర వల్ల పాదాలు వాచేవారు అనేకులు. వారికి కావలసినది మూలిక కాదు, మాత్ర మార్పు గురించి తమ వైద్యునితో ఒక మాట. వ్రేలితో నొక్కినప్పుడు గుంటపడి వెంటనే లేచే వాపు వాతజమని, లేవకుండ నిలిచేది కఫజమని మన శాస్త్రం చెప్పినా, నేడు ఒక మూత్రపరీక్ష, ఒక రక్తపరీక్ష చేయించకుండ నేను పునర్నవను ఇవ్వను. గర్భిణులకు అసలే ఇవ్వను.

ఇంటిలో వాడుకొనే విధం

పై వాడకానికి ఈ భయాలు లేవు. బెణుకు, దెబ్బ వాపులకు పునర్నవ వేరు, దేవదారు, శొంఠి, తెల్ల ఆవాలు, మునగ బెరడు సమానంగా తీసుకొని పుల్లని గంజితో నూరి పట్టు వేయమని శార్ఙ్గధరుడు చెప్పినాడు. చక్కని యోగం. ఆవాలు, మునగ చర్మాన్ని మండించవచ్చును గనుక మొదట కొద్దిచోట రాచి చూచి, ఆరిన వెంటనే కడిగివేయవలెను. చితికి రక్తం వచ్చిన చోట వేయరాదు.

లేత ఆకును ఆరోగ్యవంతులు వానకాలంలో వారానికి ఒకటి రెండుసార్లు కందిపప్పుతో వండుకొనవచ్చును. తెల్ల గలిజేరు ఆకు అయితే ఒకసారి ఉడికించి, ఆ నీటిని పారబోసి, ఆపైన వండవలెను. అందులో ఆగ్జలేట్లు అధికం. చాలవరకు ఆ నీటితో పోతాయి. మూత్రంలో రాళ్లు ఏర్పడే స్వభావం కలవారు దానిని మానడమే మంచిది.

కషాయం వైద్యుడు చెప్పిన తరువాతనే. 10 గ్రాముల వేరును నలుగగొట్టి, 16 రెట్లు నీరు, అనగా 160 మిల్లీలీటర్లు పోసి, చిన్నమంట మీద ఎనిమిదవ వంతు, 20 మిల్లీలీటర్లు మిగిలేవరకు కాచి వడగట్టవలెను. వేరు, వేప, చేదుపొట్ల, శొంఠి, కటుకరోహిణి, తిప్పతీగ, మానిపసుపు, కరక్కాయ చేరిన పునర్నవాష్టక క్వాథం అంగళ్లలో దొరుకుతున్నది. దానిని కూడ చీటి లేకుండ కొనవలదని నా సలహా.

నమ్మకమైన మూలిక కావలెనన్నవారు ఇంటనే పెంచుకొనవచ్చును. తల్లివేరు లోతుకు దిగుతుంది గనుక అడుగున్నరకు తక్కువ కాని కుండీ కావలెను. క్రింద రంధ్రం తప్పనిసరి. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. తొలకరిలో జిగటకాయలను చల్లి, పలుచగా మట్టి కప్పవలెను. మొదటి సంవత్సరం కోయకుండ వదలండి. ఫాల్గుణ చైత్రాలలో నీరు తగ్గిస్తే పైభాగం ఎండుతుంది. చచ్చినదని కుండీని బోర్లించకండి. నీడకు జరిపి, పది పదిహేను రోజులకు ఒకసారి కాస్త తడి చూపితే చాలును. తొలకరికి అదే వేరునుండి చిగురు లేస్తే మీ ఇంట ఉన్నది పునర్నవయే.

వేర్లను గ్రీష్మంలో గాని, ఆకులు పండి రాలిన శిశిరంలో గాని తీయవలెనని చరకుని విధి. ఆకులలోని సారమంతా క్రిందికి దిగి వేరు నిండుగా ఉండే కాలం అది. వానలో చిగిర్చిన తరువాత తీసిన వేరు తన సొత్తును చిగురుకు ఖర్చుపెట్టి ఉంటుంది. రెండవ వేసవిలో మట్టి త్రవ్వి, వేరు తలను రెండంగుళాల ముక్కతో సహా కోసి మరల అదే కుండీలో పాతి, మిగిలిన వేరును కడిగి, ముక్కలు చేసి, నీడలో ఆరబెట్టి, మూతబిగిసే సీసాలో తేదీ వ్రాసి ఉంచండి. సంవత్సరం దాటిన దానిని పారవేసి, కొత్తది తీసుకోండి.